ప్రకృతి సంరక్షణలో పీజీ: ఎవరు చదవొచ్చు, ఎక్కడ చదవొచ్చు, తర్వాత ఏమిటి?



ప్లస్ టూలో సైన్స్ తీసుకున్నారంటే డాక్టర్, కాకపోతే నర్సింగ్, అదీ కాకపోతే ఫార్మసీ. మన ఇళ్లలో లెక్క ఇలాగే నడుస్తుంది. జువాలజీ, బోటనీ అంటే నిజంగా ఇష్టపడే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. నీట్‌లో ర్యాంకు రాకపోతే ఇక వాళ్లకు దారి లేదనుకుంటాం. దారి ఉంది. అడవులు, సరస్సులు, సముద్ర తీరాలు, వాటిలోని జీవులు, వాటి మీద బతికే మనుషులు, ఇవన్నీ కలిపి చదివే పీజీ కోర్సులు మన దేశంలో చాలా చోట్ల ఉన్నాయి. చిలికాకు, ఋషికుల్య తీరానికి ఇంత దగ్గర్లో ఉండి కూడా ఈ చదువు గురించి మనకు తెలియకపోవడం మన పిల్లలకే నష్టం. అందుకే ఈ వివరాలు ఒక్కచోట రాశాం. దాచుకుని, అవసరమైనప్పుడు తీసి చూడండి.

అసలు ఈ చదువు దేని గురించి?

"జంతువులను కాపాడటం" అని ఒక్క మాటలో చెప్పేస్తే సగమే చెప్పినట్టు. మనందరికీ తెలిసిన చిలికానే ఉదాహరణగా చూద్దాం.

చిలికా ఆసియాలోనే అతి పెద్ద ఉప్పునీటి కయ్య. అంతర్జాతీయ ప్రాధాన్యం ఉన్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో 1981లోనే చేరింది. మన దేశం నుంచి ఆ జాబితాలో మొదట చేరినవి రెండే రెండు. ఒకటి చిలికా, రెండోది రాజస్థాన్‌లోని కేవలాదేవ్. అలాంటి సరస్సు తర్వాతి ఏళ్లలో దెబ్బతింటూ వచ్చింది. నదులు తెచ్చిన ఒండ్రు పేరుకుపోయింది. సముద్రంలోకి వెళ్లే కాలువ పూడిపోయింది. లోపలికి ఉప్పునీరు రావడం తగ్గింది, మంచినీటి కలుపు మొక్కలు అల్లుకుపోయాయి. సముద్రం నుంచి రావాల్సిన చేప పిల్లలకు, రొయ్య పిల్లలకు దారి లేకుండా పోయింది. 1993లో చిలికాను ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల పట్టికలో పెట్టారు.

అప్పుడు ఏం చేశారు? పక్షులను కొట్టొద్దని బోర్డులు పెడితే సరిపోయేది కాదు. నీటి లెక్క తేల్చాలి. పుణెలోని నీటి పరిశోధన కేంద్రం నమూనాలు కట్టి, సముద్రానికి కొత్త ముఖద్వారం ఎక్కడ తవ్వాలో అధ్యయనం చేసింది. 2000 సెప్టెంబరులో దాన్ని తెరిచారు. ఉప్పదనం తిరిగి వచ్చింది, కలుపు తగ్గింది. 1999-2000లో సుమారు 1,700 టన్నులకు పడిపోయిన చేపల దిగుబడి రెండేళ్లలోనే 10,000 టన్నులు దాటింది. 2002లో చిలికా ప్రమాద పట్టికలోంచి బయటపడింది. అదే ఏడాది చిలికా అభివృద్ధి సంస్థకు రామ్‌సర్ అవార్డు వచ్చింది.

ఇందులో ఎన్ని చదువులు కలిశాయో చూడండి. నీటి ప్రవాహానికి ఫిజిక్స్, ఉప్పదనానికి కెమిస్ట్రీ, చేపలకు జువాలజీ, కలుపుకు బోటనీ, దిగుబడి లెక్కలకు స్టాటిస్టిక్స్. పైగా జాలరుల జీవనం ఉంది, చట్టం ఉంది. చిలికా, పులికాట్ సరస్సుల చుట్టూ 1,000 మీటర్ల లోపల రొయ్యల చెరువులు ఉండకూడదని సుప్రీంకోర్టు 1996లో తీర్పు ఇచ్చింది. వీటన్నిటినీ కలిపి ఒక ఆవరణ వ్యవస్థను ఎలా చూసుకోవాలో నేర్పేదే ఈ పీజీ.

మనకు మరీ దగ్గరి విషయం: ఋషికుల్య

ఋషికుల్య ముఖద్వారం దగ్గర ఆలివ్ రిడ్లే తాబేళ్లు వేలాదిగా వచ్చి గుడ్లు పెడతాయని ఇప్పుడు చిన్నపిల్లలకు కూడా తెలుసు. కానీ ఆ విషయం శాస్త్ర ప్రపంచానికి తెలిసింది 1994లోనే. డెహ్రాడూన్‌లోని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకుడు బివాష్ పాండవ్ దాన్ని నమోదు చేశారు. 2025 ఫిబ్రవరిలో అక్కడ 6 లక్షలకు పైగా తాబేళ్లు గుడ్లు పెట్టాయి.

అదే తీరంలో తెలుగు మాట్లాడే జాలరి కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. తాబేళ్ల కోసం నవంబరు 1 నుంచి మే 31 వరకు ఋషికుల్య, దేవి, ధామ్రా నదీముఖాల దగ్గర తీరం నుంచి 20 కిలోమీటర్ల దాకా వేటపై ఆంక్షలు ఉంటాయి. తాబేలు బతకాలి, నిజమే. ఆ ఏడు నెలలూ ఇంట్లో పొయ్యి కూడా వెలగాలి కదా! ఏ ఆంక్ష ఎక్కడ అవసరం, ఎంతకాలం అవసరం, నష్టపోయేవాళ్లకు ఏమివ్వాలి అన్నది తేల్చాలంటే తాబేలు గురించి తెలిసినవాళ్లూ కావాలి, ఆ ఇళ్లలోకి వెళ్లి వాళ్ల భాషలో మాట్లాడగలిగినవాళ్లూ కావాలి. ఆ రెండూ ఒకే మనిషిలో ఉంటే ఎంత మేలు! మన బడి పిల్లల్లో కొందరు అలాంటివాళ్లు కావాలన్నదే మా కోరిక.

ప్లస్ టూ తర్వాత దారి ఎలా ఉంటుంది?

మొదట డిగ్రీ, తర్వాత రెండేళ్ల పీజీ. డిగ్రీలో ఏం తీసుకోవాలన్నది ముఖ్యం.

బీఎస్సీ జువాలజీ, బోటనీ, లైఫ్ సైన్సెస్, ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ చదివినవాళ్లకు దాదాపు అన్ని దారులూ తెరిచే ఉంటాయి. బీఎస్సీ ఫారెస్ట్రీ నాలుగేళ్ల కోర్సు. భువనేశ్వర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయం, తమిళనాడులో మెట్టుపాళయం, కర్ణాటకలో సిర్సి, పొన్నంపేట, తెలంగాణలో సిద్దిపేట జిల్లా ములుగు దగ్గరి ఫారెస్ట్ కాలేజీ ఇందుకు పేరున్నవి. వెటర్నరీ, వ్యవసాయం, ఫిషరీస్ చదివినవాళ్లూ ఈ వైపు రావొచ్చు.

బీఏ, బీకాం చదివినవాళ్లకు దారులు తక్కువ, అయినా ఉన్నాయి. భోపాల్‌లోని అటవీ నిర్వహణ సంస్థ ఐఐఎఫ్‌ఎం నడిపే ఎంబీఏకు ఏ డిగ్రీ అయినా సరే, క్యాట్ లాంటి పరీక్ష స్కోరు కావాలి.

ఎక్కడెక్కడ ఉన్నాయి?

*వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా, డెహ్రాడూన్.* 1982లో పెట్టిన కేంద్ర ప్రభుత్వ సంస్థ. ఎమ్మెస్సీ వైల్డ్‌లైఫ్ సైన్స్ ఇక్కడి ప్రధాన కోర్సు. సీట్లు చాలా తక్కువ, దేశం మొత్తం పోటీ పడుతుంది.

*నేషనల్ సెంటర్ ఫర్ బయలాజికల్ సైన్సెస్, బెంగళూరు.* 2004లో మొదలైన వైల్డ్‌లైఫ్ బయాలజీ, కన్జర్వేషన్ ఎమ్మెస్సీ. డిగ్రీ టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ పేరుతో వస్తుంది. బయాలజీ కాకుండా వేరే డిగ్రీ చేసినవాళ్లు కూడా ఇక్కడ చదివారు.

*ఫారెస్ట్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్, డెహ్రాడూన్.* ఫారెస్ట్రీ, ఎన్విరాన్‌మెంట్ మేనేజ్‌మెంట్ వంటి ఎమ్మెస్సీలు. సొంత ప్రవేశ పరీక్ష ఉంటుంది.

*ఒడిశాలో.* బారిపదలోని విశ్వవిద్యాలయంలో వన్యప్రాణులు, జీవవైవిధ్య సంరక్షణ విభాగం ఉంది. సిమిలిపాల్ అడవి పక్కనే. మన బరంపురం విశ్వవిద్యాలయంలో సముద్ర విజ్ఞాన విభాగం ఉంది. ఇల్లు వదిలి దూరం పంపలేని తల్లిదండ్రులు ముందు దీన్ని చూడండి.

*ఇతర రాష్ట్రాల్లో.* కర్ణాటకలో కువెంపు విశ్వవిద్యాలయం, తమిళనాడులో ఊటీ ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీ, మయిలాడుదురై దగ్గరి ఏవీసీ కాలేజీ వన్యప్రాణి పీజీకి పాత పేర్లు. పుదుచ్చేరి కేంద్రీయ విశ్వవిద్యాలయానికి శ్రీ విజయపురంలో (పాత పేరు పోర్ట్ బ్లెయిర్) సముద్ర జీవశాస్త్రం ఉంది. విశాఖలోని ఆంధ్రా యూనివర్సిటీలో ఎన్విరాన్‌మెంటల్ సైన్స్, సముద్ర జీవ వనరులకు సంబంధించిన పీజీలు ఉన్నాయి.

ప్రవేశాలు: తేదీ దాటితే ఏడాది పోతుంది

ఒడిశా రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు సీపీఈటీ అనే ఉమ్మడి పీజీ పరీక్ష. కేంద్రీయ విశ్వవిద్యాలయాలకు సీయూఈటీ పీజీ. దీని దరఖాస్తులు డిగ్రీ చివరి సంవత్సరం మధ్యలోనే మొదలవుతాయి. ఫలితాలు వచ్చాక చూద్దాంలే అనుకుంటే గడువు దాటిపోతుంది. ఆంధ్రప్రదేశ్‌కు ఏపీ పీజీసెట్. డెహ్రాడూన్, బెంగళూరు సంస్థలు విడిగా పరీక్ష, ఇంటర్వ్యూ పెడతాయి. ఈ పెద్ద సంస్థల్లో ప్రతి కోర్సుకూ ప్రతి ఏటా ప్రవేశాలు ఉంటాయనుకోవద్దు. డిగ్రీ రెండో ఏడాదిలోనే వాళ్ల వెబ్‌సైట్ చూడటం మొదలుపెట్టండి.

ఒక జాగ్రత్త. "మనం తెలుగువాళ్లమే కదా, ఆంధ్రాలో సీటు ఈజీగా వస్తుంది" అని కొందరు అనుకుంటారు. అక్కడ 85 శాతం సీట్లు స్థానిక అభ్యర్థులకు. స్థానికత చూసేది మాతృభాషను బట్టి కాదు, ఎక్కడ చదివారు, ఎక్కడ ఉన్నారు అన్నదాన్ని బట్టి. ఒడిశాలో చదివిన మన పిల్లలు సాధారణంగా ఆ స్థానిక కోటాలోకి రారు. తెలిసి వెళ్తే ఇబ్బంది లేదు.

రెండేళ్లలో ఏం నేర్పుతారు?

సగం తరగతి గది, సగం ఫీల్డ్. లెక్కలంటే భయపడి బయాలజీకి వచ్చిన పిల్లలకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఈ చదువులో లెక్కలు తప్పవు. లక్షల తాబేళ్లను ఒక్కొక్కటిగా ఎవరూ లెక్కపెట్టలేరు. తీరంలో కొన్ని పట్టీలు గీసి, వాటిలోకి వచ్చినవాటిని లెక్కించి, మొత్తం అంచనా వేస్తారు. పులులనైతే ఆటోమేటిక్ కెమెరాలు కట్టి, ఒంటి చారలను బట్టి గుర్తుపడతారు. ఏ రెండు పులుల చారలూ ఒకేలా ఉండవు. ఈ రెండింటి వెనకా ఉన్నది స్టాటిస్టిక్సే.

శాటిలైట్ చిత్రాలతో మ్యాపులు తయారు చేయడం, కంప్యూటర్‌లో డేటా విశ్లేషించడం నేర్పుతారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1980 అటవీ సంరక్షణ చట్టం, 2002 జీవవైవిధ్య చట్టం, 2006 అటవీ హక్కుల చట్టం చదివిస్తారు. గ్రామాల్లో జనంతో ఎలా మాట్లాడాలి, సర్వే ఎలా చేయాలి అన్నదీ పాఠమే. చివర్లో కొన్ని నెలలు సొంతంగా ఒక పరిశోధన చేసి డిజర్టేషన్ రాయాలి. తర్వాత ఉద్యోగానికి వెళ్లినప్పుడు ముందుగా అడిగేది దాని గురించే.

ఖర్చు, స్కాలర్‌షిప్: ఇక్కడే ఎక్కువమంది పొరపడతారు

మనది భాషా మైనారిటీ బడి. కాబట్టి "మైనారిటీ స్కాలర్‌షిప్" మన పిల్లలకూ వస్తుందని చాలామంది అనుకుంటారు. కేంద్ర ప్రభుత్వ మైనారిటీ స్కాలర్‌షిప్‌లు మతపరమైన మైనారిటీలకు మాత్రమే. ముస్లిం, క్రైస్తవ, సిక్కు, బౌద్ధ, జైన, పార్సీ, ఈ ఆరు వర్గాలకే వర్తిస్తాయి. తెలుగు మాట్లాడతాం అన్న కారణంతో అవి రావు. తప్పు కాలమ్‌లో టిక్ పెడితే దరఖాస్తు తిరస్కరిస్తారు, ఆ ఏడాది పోతుంది.

ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ ఉంది. కుటుంబ ఆదాయం ఏడాదికి 2.5 లక్షల రూపాయలు దాటకూడదు. అయితే కుల ధ్రువపత్రం విషయంలో జాగ్రత్త. ఆంధ్రా జాబితాలో ఉన్న కులం ఒడిశా జాబితాలో అదే వర్గంలో ఉండాలని లేదు. ఇక్కడ ఏ పేరుతో, ఏ వర్గంలో ఉందో తహసీల్దారు ఆఫీసులో కనుక్కుని, పిల్లలు తొమ్మిదో తరగతిలో ఉండగానే పత్రం సిద్ధం చేసుకోండి. డిగ్రీ అయ్యాక పరుగులు పెట్టాల్సిన పని ఉండదు.

పీజీ తర్వాత నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ వస్తే పీహెచ్‌డీ చేస్తూనే నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్, రెండేళ్ల తర్వాత 42,000 వస్తాయి. అంటే పీహెచ్‌డీ ఖర్చు ఇంటి మీద పడదు.

ఉద్యోగం వస్తుందా?

దాచకుండా చెప్తాం. చదువు పూర్తయిన వెంటనే పెద్ద జీతం వచ్చే కోర్సు కాదిది. మొదటి ఉద్యోగాలు ఎక్కువగా ప్రాజెక్టు ఉద్యోగాలే. ఏడాదికో, రెండేళ్లకో కాంట్రాక్టు. ప్రాజెక్టు అయిపోతే ఇంకోటి వెతుక్కోవాలి. మొదటి నాలుగైదేళ్లు ఇలా ఉంటుందని తెలిసి రావాలి.

స్థిరమైన దారులు ఇవి.

ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్: యూపీఎస్సీ పరీక్ష. దీనికి పీజీ అక్కర్లేదు, కానీ డిగ్రీలో జువాలజీ, బోటనీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, మ్యాథ్స్, జియాలజీ, స్టాటిస్టిక్స్, వెటర్నరీలలో ఒకటైనా ఉండాలి. లేదా ఫారెస్ట్రీ, వ్యవసాయం, ఇంజినీరింగ్ డిగ్రీ. ప్రిలిమ్స్ సివిల్ సర్వీసెస్‌తో కలిపే జరుగుతుంది.

రాష్ట్ర అటవీ శాఖ: ఒడిశాలో ఫారెస్ట్ రేంజర్, అసిస్టెంట్ కన్జర్వేటర్ పోస్టులకు ఓపీఎస్సీ పరీక్ష పెడుతుంది. ఇక్కడ మన పిల్లలకు ఒక మెలిక ఉంది. ఒడిశా ప్రభుత్వ ఉద్యోగానికి ఒడియా చదవడం, రాయడం, మాట్లాడటం రావాలి, కనీసం ఏడో తరగతి స్థాయిలో ఒడియా పాసై ఉండాలి. తెలుగు బడిలో చదువుతున్నాం కదా అని ఒడియా పీరియడ్‌ను తేలిగ్గా తీసుకునే పిల్లలు ఇది గుర్తుపెట్టుకోండి.

ఇవి కాక పరిశోధన సంస్థలు, కాలేజీ అధ్యాపక ఉద్యోగాలు, స్వచ్ఛంద సంస్థలు ఉన్నాయి. పోర్టులు, గనులు, ఫ్యాక్టరీలు కట్టే ముందు 2006 నోటిఫికేషన్ ప్రకారం పర్యావరణ ప్రభావ నివేదిక కావాలి. ఆ నివేదికలు తయారు చేసే కన్సల్టెన్సీల్లోనూ పనులుంటాయి.

తల్లిదండ్రులు సాధారణంగా అడిగేవి

*ఆడపిల్లను అడవికి పంపడమా?* ఈ కోర్సుల్లో అమ్మాయిలు చాలామందే చదువుతున్నారు. ఫీల్డ్‌కు ఒంటరిగా పంపరు, గుంపుగా, గైడ్లతో వెళ్తారు. చేరే ముందు ఫీల్డ్ స్టేషన్‌లో వసతి ఎలా ఉంటుందో ఆ విభాగాన్ని నేరుగా అడగండి. అడగడం మీ హక్కు.

*తెలుగు మీడియంలో చదివితే ఇంగ్లిష్‌లో పీజీ చేయగలరా?* చేయగలరు, కానీ డిగ్రీ మూడేళ్లలో కష్టపడాలి. రోజుకు ఒక పేజీ ఇంగ్లిష్‌లో సైన్స్ చదివి, అదే విషయాన్ని తెలుగులో సొంత మాటల్లో రాసుకునే అలవాటు చేయండి. అర్థమైందో లేదో అక్కడే తెలిసిపోతుంది.

*మా బంధువుల పిల్లలు వేరే రాష్ట్రంలో ఉన్నారు. వాళ్లకూ పనికొస్తుందా?* తప్పకుండా. సోలాపూర్‌లో ఉన్నవాళ్లకు నన్నజ్‌లో బట్టమేక పిట్ట అభయారణ్యం ఉంది. చంద్రపూర్ వాళ్లకు తాడోబా ఉంది. అక్కడి పులులు తెలంగాణలోని కవ్వాల్ వైపు వస్తుంటాయి. బళ్లారి వాళ్లకు దరోజీ ఎలుగుబంట్ల అభయారణ్యం, యానాం వాళ్లకు కోరింగ మడ అడవులు. ఎవరి ఊరి పక్కన వాళ్లకు పాఠం ఉంది.

ఇప్పటి నుంచే చేయగలిగినవి

ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు: ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. తేదీ, సమయం, చోటు వేసి, చూసిన పక్షినో పురుగునో రాయండి. పేరు తెలియకపోతే బొమ్మ వేయండి. ఇంట్లో తాతయ్య, నానమ్మ దాన్ని ఏమంటారో అడిగి ఆ పేరు కూడా రాయండి. తెలుగు పేరు, ఒడియా పేరు, ఇంగ్లిష్ పేరు పక్కపక్కనే ఉండాలి.

పదో తరగతి: సైన్స్‌తో పాటు మ్యాథ్స్, ఒడియా వదలకండి.

ప్లస్ టూ: బయాలజీతో పాటు స్టాటిస్టిక్స్ కానీ మ్యాథ్స్ కానీ ఉంచుకోగలిగితే మంచిది. సెలవుల్లో ఒకసారి చిలికాకు, భేట్నోయ్ కృష్ణజింకల పొలాలకు వెళ్లి రండి. పంట తింటున్నా కృష్ణజింకలను కాపాడుకుంటున్న రైతులు మన గంజాం జిల్లాలోనే ఉన్నారు. ఎందుకు కాపాడుతున్నారో వాళ్లనే అడగండి.

మన పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, పుస్తకంలో ఇంగ్లిష్‌తో పెరుగుతారు. మూడు భాషల మధ్య నలిగిపోతున్నారని మనం బాధపడుతుంటాం. ఈ చదువులో మాత్రం అదే వాళ్ల బలం. పడవ మీద జాలరి చెప్పింది తెలుగులో విని, రేంజ్ ఆఫీసులో ఒడియాలో మాట్లాడి, నివేదిక ఇంగ్లిష్‌లో రాయగలిగినవాళ్లు ఈ తీరంలో ఎంతమంది ఉన్నారు? ఆ పని మన బడి పిల్లలు చేయగలరు.

సందేహాలుంటే బడి వేళల్లో సైన్స్ ఉపాధ్యాయులను కలవండి. దరఖాస్తు నింపే ముందు పత్రాలు తెచ్చి చూపిస్తే కలిసి సరిచూద్దాం.